పావు ఎక్సలేటర్‌లో మసి, ఫుల్లులో సున్నం: ఒక పాత బుల్లెట్ కేసు

బండి 1986 బుల్లెట్ 350. పోత ఇనుము బ్యారెల్, 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, 346 సీసీ. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇగ్నిషన్ సీబీ పాయింటుతో, అంటే తెరుచుకుని మూసుకుంటూ స్పార్క్ పుట్టించే పాత పద్ధతి. బండితో వచ్చిన కార్బరేటర్ ఎప్పుడో పోయింది, ఇప్పుడున్నది 24 మి.మీ. మిక్‌కార్బ్ కంపెనీది. యజమాని కొల్లిపర రైతు, అరవై దాటినాయన. బండి వాళ్ల నాన్న కొన్నది. కార్తీక మాసంలో ఒక పొద్దున తెనాలిలో నా మెకానిక్ షెడ్డు ముందు ఆపి, దిగకుండానే చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి ఇచ్చాడు. అందులో నల్లగా మాడిన ప్లగ్గులు మూడున్నాయి.

"నెల రోజుల్లో మూడయ్యా. నాలుగోది బండికుంది. అది కూడా ఇంటికెళ్లేలోపు షార్ట్ అయిపోద్ది."

ఇలాంటి బండి వచ్చినప్పుడు నేను ముందు స్పానర్ పట్టుకోను, టీ చెప్తాను. బండి ఏం చేస్తోందో కంటే బండికి ఎవరెవరు ఏమేం చేశారో తెలుసుకోవడం ముఖ్యం. ఆయన చెప్పింది ఇది. ఒకప్పుడు లీటరుకి 35 ఇచ్చేది, ఇప్పుడు 22 దాటట్లేదు. సైలెన్సర్ నల్లపొగ. ఎండలో కాసేపు తిరిగితే స్లోలో, అంటే ఎక్సలేటర్ పూర్తిగా వదిలినప్పుడు, నిలబడదు. నలభైలో నిదానంగా పోతుంటే గుడుగుడుమని మిస్సింగ్ కొడుతుంది, ఎక్సలేటర్ లాగి పట్టుకుంటే సర్దుకుంటుంది. మొదట చూసిన మెకానిక్ "గాలి అందట్లేదు" అని ఎయిర్ ఫిల్టర్ పీకేశాడు. రెండో ఆయన కార్బరేటర్‌లో పెట్రోలుని కొలిచి వదిలే మెయిన్ జెట్ చిన్నది వేశాడు. మూడో ఆయన నీడిల్ (జెట్ నోట్లో దిగి పెట్రోలుని అదుపుచేసే సూది) దించి, కొత్త కాయిల్ కూడా బిగించాడు. ప్రతిసారీ రెండ్రోజులు బాగుండి మళ్లీ మామూలే.

రెండ్రోజులు బాగుండటానికి కారణం సింపుల్. ముగ్గురూ కొత్త ప్లగ్గు వేసి పంపారు.

నల్లటి ప్లగ్గు చూడగానే "పెట్రోలు ఎక్కువ తాగుతోంది" అనేస్తాం. కానీ ప్లగ్గు నల్లబడటానికి పెట్రోలొక్కటే దారి కాదు. ఆయిల్ పైకెక్కినా నల్లబడుతుంది, స్పార్క్ నీరసంగా ఉన్నా నల్లబడుతుంది. తేడా వేలికే తెలుస్తుంది. పొట్లంలోని ప్లగ్గు మీద బొటనవేలు రాస్తే కాటుకలాగా పొడిగా అంటుకుంది, ఊదితే ఎగిరింది. ఇది పెట్రోలు మసి. ఆయిలైతే జిడ్డుగా మెరుస్తూ, బట్టతో తుడిచినా పూర్తిగా పోదు. అయితే స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో నల్లపొగలో కొంచెం నీలం కూడా కలిసి వచ్చింది. అది చూసి మనసులో పెట్టుకున్నాను, అప్పటికి ఏమీ అనలేదు.

ఇగ్నిషన్ వైపు చూస్తే పాయింట్లు గుంటలు పడి, గ్యాప్ అర మిల్లీమీటరు దాకా తెరుచుకుంది. ఈ బండికి 0.35 నుంచి 0.40 చాలు. రుద్ది, సెట్ చేసి, టైమింగ్ చూశాను. పిస్టన్ పైకొచ్చే ముందు 0.8 మి.మీ. దగ్గర పాయింటు విడుతోంది, బానే ఉంది. కండెన్సర్ బాగుంది. మూడో మెకానిక్ వేసిన కొత్త కాయిల్ పుణ్యమా అని స్పార్క్ నీలంగా, చప్పుడుతో పడుతోంది. అంటే రోగం పెట్రోలు వైపే.

ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను. పెట్రోలు వాసన గుప్పుమంది, వేళ్ల మధ్య జారిపోయేంత పల్చగా ఉంది. రిచ్‌గా, అంటే గాలికి మించిన పెట్రోలుతో నడిచే బండికి జరిగే అసలు నష్టం ఇదీ. కాలని పెట్రోలు బోరు గోడల మీది ఆయిల్‌ని కడిగేసి, రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. మైలేజీ పోతే డబ్బు పోతుంది, ఆయిల్ పల్చబడితే ఇంజినే పోతుంది.

"ఈ కొత్త పెట్రోలు వల్లేనంటున్నారు గదా అందరూ?" అని అడిగాడు పెద్దాయన.

అందరూ అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే చెప్తాను. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బండిని రిచ్ చేయదు, లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) చేస్తుంది. ఉత్త పెట్రోలు కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు, ఎందుకంటే దాని ఒంట్లోనే ఆక్సిజన్ ఉంది. కాబట్టి అవే జెట్లతో, అదే గాలితో నడిచే పాత బండికి కొత్త పెట్రోలుతో మిశ్రమం పల్చబడాలి తప్ప చిక్కబడకూడదు. మరి దానివల్ల రిచ్ అయ్యే దారే లేదా అంటే ఉంది, అడ్డదారిలో. ఇథనాల్ పాత ట్యాంకుల్లోని మడ్డిని వదిలిస్తుంది, పాత రబ్బర్లని పాడుచేస్తుంది. కార్బరేటర్‌లోకి వచ్చే పెట్రోలుని ఆపే ఫ్లోట్ నీడిల్ సీటులో ఆ మడ్డి నలుసు ఇరుక్కుంటే పెట్రోలు పొంగుతుంది. ఆ నలుసుకి తిట్లన్నీ పెట్రోలు పంపు తింటుంది.

ఇక కార్బరేటర్. ఇంజిన్ బాగా వేడెక్కాక, స్లోలో ఉండగా అదనపు పెట్రోలు వదిలే చోక్ లివర్ కొంచెం ఎత్తాను. టక్కున ఆగిపోయింది. మిశ్రమం లీన్‌గా ఉన్న ఇంజినైతే చోక్ ఎత్తితే ఊపిరి తీసుకుంటుంది. ఇది పొట్ట నిండినవాడికి ఇంకో ముద్ద పెట్టినట్టయింది. తర్వాత ఎయిర్ స్క్రూ. ఈ కార్బరేటర్‌లో ఆ స్క్రూ గాలిని కొలుస్తుంది, విప్పేకొద్దీ లీన్ అవ్వాలి. (కొన్ని కార్బరేటర్లలో స్క్రూ ఇంజిన్ వైపు ఉండి పెట్రోలు కలిసిన గాలిని కొలుస్తుంది, వాటిలో విప్పితే రిచ్ అవుతుంది. ఈ తేడా తెలియక తిప్పేవాళ్లు చాలామంది.) ఒకటిన్నర చుట్టు దగ్గర మొదలుపెట్టి నాలుగు చుట్లు విప్పినా ఇంజిన్ చప్పుడులో మార్పు లేదు. అంటే స్లోలో పెట్రోలు ఇచ్చే స్లో జెట్‌తో సంబంధం లేకుండా ఇంకో దారిలో పెట్రోలు వస్తోంది.

విప్పి చూస్తే చోక్ ప్లంజర్ అడుగున రబ్బరు రాయిలా గట్టిపడి, అంచు చుట్టూ గాడి పడి ఉంది. చోక్ దించినా సీటు మీద సరిగ్గా కూర్చోదు, అంటే చోక్ ఎప్పుడూ కొంచెం వేసే ఉన్నట్టు లెక్క. ఫ్లోట్ నీడిల్ ముక్కు మీద కూడా గీత పడింది. రెండూ మార్చాను. కార్బరేటర్ తలకిందులు చేసి ఫ్లోట్ ఎత్తు సరిచేశాను. స్లో జెట్ 25, ఉండాల్సిందే ఉంది. మెయిన్ జెట్ మీద 80 అని ఉంది. నేను ఈ కార్బరేటర్‌కి వేసేది 90 (అంకె పెద్దదైతే రంధ్రం పెద్దది). నీడిల్ క్లిప్ అన్నిటికన్నా పై గాటులో ఉంది, అంటే నీడిల్ ఎంత కిందికి దిగగలదో అంతా దిగి ఉంది.

నా తప్పు ఇక్కడే. 80 కనపడింది, క్లిప్ కనపడింది. "రిచ్ బండే కదా, తర్వాత చూద్దాంలే" అనుకుని అలాగే బిగించేశాను. ఆయనకి పదకొండున్నరకి బ్యాంకులో పని. బండి తేలిగ్గా స్టార్ట్ అయింది, స్లో నిలబడింది, ఎయిర్ స్క్రూ ఒకటిన్నర చుట్టు దగ్గర చక్కగా పలికింది. బజారులో ఒక రౌండు కొట్టి, ఆయిల్ మార్చి పంపేశాను.

ఐదు రోజులకి మళ్లీ వచ్చాడు. ఈసారి టీ ఆయనే చెప్పాడు. "స్లో బెమ్మాండంగా ఉందిరా అబ్బాయ్. కానీ ప్లగ్గు చూడు." నల్లగా ఉంది. నేను బాగుచేసింది స్లో. ఆయన నడిపేది నలభైలో, కాలవ గట్టు మీద, టాప్ గేరులో. ఆ వేగంలో బుల్లెట్ ఎక్సలేటర్ పావు వంతు కూడా తెరవక్కర్లేదు. ఆ పావు వంతుని నేను పరీక్షే చేయలేదు.

ఎక్సలేటర్ తిప్పితే స్లైడ్ అనే ముక్క పైకి లేచి గాలి దారి తెరిచే ఇలాంటి కార్బరేటర్‌లో ఒక్కో చోట ఒక్కో భాగం రాజ్యం చేస్తుంది. ఎక్సలేటర్ పరకో పిసరో తెరిచినంత వరకు స్లో జెట్, ఎయిర్ స్క్రూ. దాటి పావు వంతు దాకా స్లైడ్ ముందంచు కోత. పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కి వేలాడే నీడిల్, అది దిగే నీడిల్ జెట్. ఆపైన ఫుల్లు దాకా మెయిన్ జెట్. హద్దులు గీత గీసినట్టుండవు, ఒకదాని పెత్తనం ఇంకొకదానిలోకి జారుతుంది. కానీ ప్రశ్న మాత్రం అదే. "బండి రిచ్‌గా ఉందా?" అని కాదు, "ఎంత ఎక్సలేటర్ దగ్గర రిచ్‌గా ఉంది?"

దానికి మిషన్లేమీ అక్కర్లేదు. హ్యాండిల్ పిడి మీద తెల్ల టేపు చుట్టి పెన్నుతో గీతలు పెట్టాను: పావు, సగం, ఫుల్లు. పక్కన కదలని భాగం మీద ఒక గీత. కొత్త ప్లగ్గులు మూడు, ప్లగ్ స్పానర్, చేతికి కాలకుండా పాత పంచె ముక్క. దుగ్గిరాల రోడ్డు పట్టాను. మధ్యాహ్నం పూట ఆ రోడ్డు ఖాళీ, పసుపు యార్డు సీజను కూడా కాదు. ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో గీత దగ్గర ఎక్సలేటర్ కదలకుండా పట్టుకుని మూడు కిలోమీటర్లు నడపడం, క్లచ్ పట్టి అదే క్షణం తాళం ఆపేసి, దొర్లించుకుంటూ పక్కకి ఆపడం, ప్లగ్గు తీయడం. స్లోలోకి రానివ్వకూడదు. షెడ్డు ముందు రెండు నిమిషాలు స్లోలో తిప్పి ప్లగ్గు తీస్తే కనపడేది ఆ రెండు నిమిషాల కథే, అంతకుముందు ముప్పై కిలోమీటర్ల కథ కాదు.

ఇంకో మాట. దేశమంతా 2000లో సీసం లేని పెట్రోలు వచ్చాక ప్లగ్గు పింగాణీ మీద పాతకాలపు చిక్కటి కాఫీ రంగు అంత తేలిగ్గా రాదు. ముక్కు దగ్గర చూసి మోసపోవద్దు. పింగాణీ లోపల ఇనుముని కలిసే అడుగున, చుట్టూ ఉండే ఉంగరం రంగు చూడాలి. నేను పాత టార్చ్ లైటు, కళ్లద్దాల షాపాయన ఇచ్చిన భూతద్దం వాడతాను.

పావు వంతు ప్లగ్గు: మూడు కిలోమీటర్లకే అడుగు ఉంగరం లాంతరు చిమ్నీ మసి. సగం ప్లగ్గు: ముదురు గోధుమ, అంచులు నలుపు. ఫుల్లు ప్లగ్గు తీసి భూతద్దం పెడితే ఒక్క నిమిషం నమ్మలేదు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అడుగున ఉంగరమన్నదే లేదు. అనుమానం తీరక ఇంకోసారి ఫుల్లు పట్టి, టాప్‌లో వెళ్తూ ఎక్సలేటర్ ఒక్క పిసరు వెనక్కి వదిలాను. బండి తగ్గాల్సింది పోయి ముందుకి తోసింది. మెయిన్ జెట్ లీన్ అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. వదలగానే స్లైడ్ కాస్త దిగుతుంది, గాలి తగ్గి మిశ్రమం చిక్కబడి ఇంజిన్ సర్దుకుంటుంది.

ఒకే బండి, ఒకే రోజు, పావు దగ్గర రిచ్, ఫుల్లు దగ్గర లీన్. ముందు వాళ్లు చేసిన పనులన్నీ అప్పుడు అర్థమయ్యాయి. మెయిన్ జెట్ 90 తీసి 80 వేస్తే పావు ఎక్సలేటర్‌లో ఏమీ మారదు, అక్కడ పెట్రోలుకి అడ్డుకట్ట మెయిన్ జెట్ కాదు. మారింది ఫుల్లు ఒక్కటే, అదీ చెడ్డవైపు. ఈ పెద్దాయన నలభై దాటని మనిషి కాబట్టి సరిపోయింది. కుర్రాడెవడైనా తీసుకెళ్లి విజయవాడ హైవే మీద పది నిమిషాలు ఫుల్లు పట్టి ఉంటే పోత ఇనుము బ్యారెల్‌లో పిస్టన్ పట్టేసేది. రిచ్ అని వచ్చిన బండి, లీన్ వల్ల చచ్చేది.

మరి నీడిల్ దించినా పావు దగ్గర ఎందుకు మారలేదు? నీడిల్ మొదటినుంచి చివరిదాకా సన్నబడుతూ పోదు. పైభాగం కొంతదూరం తిన్నగా, ఒకే లావున ఉంటుంది, అక్కడినుంచి కోసుగా సన్నబడుతుంది. పావు ఎక్సలేటర్‌లో జెట్ నోట్లో ఉండేది ఆ తిన్నని భాగమే. క్లిప్ ఒక గాటు పైకి మార్చినా కిందికి మార్చినా నోట్లో ఉండే లావు అదే. క్లిప్ ప్రభావం సగం దగ్గరనుంచి తెలుస్తుంది. కాబట్టి పావు దగ్గర రిచ్, క్లిప్ పనిచేయట్లేదు అంటే వేలు చూపేది నీడిల్ జెట్ వైపే.

కార్బరేటర్ మళ్లీ దించాను. మెయిన్ జెట్ విప్పి, నీడిల్ జెట్‌ని కిందనుంచి పైకి తోయాలి. ఇనుప డ్రైవర్‌తో తోస్తే ఇత్తడి నోరు చెడుతుంది. నేను పొద్దున పళ్లు తోముకునే వేపపుల్లే వాడతాను, అంత లావూ, అంత మెత్తనా దొరకదు. జెట్ బయటికొచ్చాక కంటికి గుండ్రంగానే ఉంది. వెలుతురుకి పెట్టి భూతద్దంలో చూస్తే ఇంజిన్ వైపు కొంచెం కోలగా సాగి ఉంది. నీడిల్ మీద అదే పక్క వేలుగోరు మేర ఒక మెరుపు చార. కారణం తేలికే. నీడిల్ పైన క్లిప్‌కి వేలాడుతుంది, కింద పట్టు లేదు. ఒంటి సిలిండర్ వణుకుకి, ఇంజిన్ గాలి పీల్చిన ప్రతిసారీ అది ఒకవైపుకే వెళ్లి జెట్ అంచుని గోకుతుంది. దానికి తోడు ఫిల్టర్ పీకేశారు. కృష్ణ లంకల్లో ఇసుక రోడ్ల మీద ఫిల్టర్ లేని బండి అంటే గాలితోపాటు గరుకు కాగితం కూడా తాగుతున్నట్టే.

కంటికి కనపడనంత అరుగుదలకి ఇంత తేడా వస్తుందా అని ఆయన నమ్మలేదు. లెక్క వేసి చూపించాను. జెట్ రంధ్రం 2.60 మి.మీ., నీడిల్ 2.50 అనుకుందాం. పెట్రోలు పోయేది ఆ రెంటి మధ్య సందులోంచే. ఆ సందు వైశాల్యం 0.40 చదరపు మి.మీ. ఇప్పుడు జెట్ అరిగి 2.65 అయిందనుకోండి. పెరిగింది 0.05, ఒక వెంట్రుక మందం. సందు మాత్రం 0.61 అయింది. ఒక వెంట్రుక మేర అరిగితే పెట్రోలు దారి సగానికి సగం పెరిగింది. మన జెట్ కోలగా అరిగింది కాబట్టి అంత పూర్తిగా ఉండకపోవచ్చు, కానీ దిశ అదే.

బజారులో రిపేరు కిట్ తెప్పించాను. అందులో నీడిల్ జెట్, నీడిల్, గాస్కెట్లు అన్నీ ఉన్నాయి, ధర చవక. బిగించేముందు అలవాటు కొద్దీ కొత్త నీడిల్‌ని కొత్త జెట్‌లో వేసి వేలితో కదిపాను. పాతదానికంటే ఎక్కువ ఊగింది! ప్లగ్గు మాడ్చడానికి కొత్త కిట్ కూడా రెడీగా ఉందన్నమాట. తిరిగి ఇచ్చేసి, తెలిసిన పాత స్పేర్ల షాపులో ఎన్నాళ్లనుంచో కదలకుండా ఉన్న అసలు జెట్, నీడిల్ జత ఏరి తెచ్చాను. నీడిల్ జెట్‌లో దింపితే అల్లల్లాడకుండా మెల్లగా దిగాలి. ఇది దిగింది.

ఈసారి ఏదీ తర్వాతకి వదల్లేదు. మెయిన్ జెట్ 90, క్లిప్ మధ్య గాటులో, కొత్త ఎయిర్ ఫిల్టర్ బాక్సులో, ఇంటేక్ రబ్బరు క్లాంపు గట్టిగా. సైలెన్సర్ తోకలో ఇనుప ఊచ పెట్టి గోకితే గుప్పెడు మసి రాలింది. ఐదు రోజుల కిందట వేసిన ఆయిల్ అయినా మళ్లీ వాసన చూశాను. కొంచెం వాసన ఉంది, మార్చేశాను. పెద్దాయన "పోయిన వారమే గదయ్యా" అన్నాడు, నేను డబ్బు తీసుకోలేదు. ఆ ఆయిల్ నా తప్పుకి జరిమానా.

మళ్లీ దుగ్గిరాల రోడ్డు, మళ్లీ మూడు ప్లగ్గులు. పావు దగ్గర ఉంగరం లేత గోధుమ. సగం దగ్గర అదే. ఫుల్లు దగ్గర సన్నటి గోధుమ గీత, పక్కనే బూడిద తెలుపు. ఫుల్లులో పిసరు వదిలితే బండి బుద్ధిగా తగ్గింది. నలభైలో గుడుగుడు పోయి, ఆ పాత టుక్కు టుక్కు తిరిగొచ్చింది. ట్యాంకు పైపు తీసి అర లీటరు సీసా తగిలించి ఆయన చేతే నడిపించాను, ఆయన వేగంలో, ఆయన రోడ్డు మీద. 16 కిలోమీటర్లు దాటి ఇంకో ఫర్లాంగు నడిచి ఆగింది, అంటే లీటరుకి 32 పైన. 35 కాదు, కానీ 22 కూడా కాదు. కొత్త పెట్రోలుతో నేను అంతే ఆశించాను.

రెండు నెలల తర్వాత ఆయన ఎరువుల కట్టలకని తెనాలి వచ్చి, దారిలో ఆపాడు. జేబులో ప్లగ్గు పొట్లం లేదు. నేనే అడిగి ప్లగ్గు తీశాను. పింగాణీ శుభ్రంగా ఉంది. కానీ అంచు చుట్టూ ఇనుము మీద సన్నటి జిడ్డు మెరుపు, వేలికి అంటుకునేది. మొదటిరోజు నల్లపొగలో దాక్కున్న నీలం ఇప్పుడు ఒంటరిగా కనపడుతోంది. ఫిల్టర్ లేకుండా తిరిగిన రోజులు, పెట్రోలు కడిగిన బోరు, రెండూ కలిసి రింగుల్ని తినేశాయి. కిక్ కొడితే కంప్రెషన్ ఉంది గానీ, అమ్మీటర్ ముల్లు మధ్యకి తెచ్చి (అంటే పిస్టన్ కంప్రెషన్‌లో పైకొచ్చాక) కిక్ రాడ్డు మీద నిలబడితే మెల్లగా జారుతోంది. ఇంకో ఏడాది లాగొచ్చు, కానీ బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయక తప్పదని చెప్పాను.

"పసుపు తవ్వనియ్ అబ్బాయ్. యార్డుకేసి డబ్బులు చేతికొచ్చాక తెస్తా," అని కంప్రెషన్ వదిలే డీకంప్రెసర్ మీట నొక్కి, కిక్ కొట్టాడు.